నెట్ స్లో అని కేసు వేసే ముందు లాన్ వైరు గుచ్చి చూడండి

ప్రశ్న: వకీల్ సాబ్, నమస్తే. మాది మిర్యాలగూడ. ఇంటి నుంచే ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అని ఆరు నెలల డబ్బులు ముందే కట్టించుకున్నారు. రూటర్‌కు 1,500 రూపాయల డిపాజిట్ వేరే. స్పీడేమో పది దాటదు. కంపెనీకి ఫోన్ చేస్తే కేబుల్ ఆయన్ని అడగమంటారు. ఆయనేమో రూటర్ పాడైంది, కొత్తది కొనుక్కోమంటాడు. రూటర్ ఇచ్చింది వాళ్లే! కేసు వేయవచ్చా? కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, అక్కడికే తిరగాలా? ట్యూషన్‌కు వాడుకుంటున్నాను కాబట్టి నేను వినియోగదారుణ్ణే కాదని ఒకాయన భయపెట్టాడు.

జవాబు: వేయవచ్చు, హైదరాబాద్ పోనక్కర్లేదు. కానీ మీరు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ ఫోన్‌లో వైఫై మీద తీసినవి. వాటితో వినియోగదారుల కమిషన్ ముందుకు పోతే అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న, 'మా లైను స్లోనా, మీ ఇంటి గోడలు అడ్డమా?' అని. దానికి ఇప్పుడు మీ దగ్గర జవాబు లేదు.

అందుకని ముందు ఇంట్లో ఒక పని చేయండి. వైఫై ఆపేసి, రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా లాన్ వైరు పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. అందులో 90 పైన వస్తే లైను బాగున్నట్టే. లోపం వైఫైలోనో, రూటర్ పెట్టిన చోటులోనో ఉంది. టీవీ వెనక, బీరువా పక్కన పెట్టి స్పీడ్ రాలేదనే వాళ్లను చాలామందిని చూశాను. వైఫైలో రెండు రకాల సిగ్నల్ ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటుతుంది కానీ నెమ్మది, పైగా చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ జోరుగా వస్తుంది కానీ రెండు గోడలకే నీరసపడుతుంది. పాతకాలపు రాతి గోడల ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు.

వైరు మీద కూడా పదే వస్తే, ఇంకో వైరుతో చూడండి. లోపల తీగ తెగిన లాన్ వైరు కూడా ఒక్కోసారి సరిగ్గా పది దగ్గరే ఆగిపోతుంది. తర్వాత మీ ప్లాన్‌లో డేటా లిమిట్ ఉందేమో, అది దాటారేమో యాప్‌లో చూడండి. ఇవేవీ కాకపోతే లోపం వాళ్లదే. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి, వారం రోజులు తేదీ, టైము కనబడేలా టెస్టులు తీసి పెట్టుకోండి. రాత్రి మాత్రమే పడిపోతుంటే ఒకే లైను మీద ఎక్కువ ఇళ్లను ఎక్కించారని అనుమానించవచ్చు. డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంటే మాత్రం ఫైబర్ తెగిందో, వంగిందో. మన దగ్గర సగం సార్లు కోతుల పనే అది. వాటి మీద కేసు వేయలేం కానీ, తెగిన వైరు అతికించే బాధ్యత కంపెనీదే.

ఇంకో మాట. దేవరకొండ నుంచి ఒకాయన వచ్చి 100 ప్లాన్‌కు 12 వస్తోందని మండిపడ్డాడు. చూస్తే ఆయన డౌన్‌లోడ్ లెక్క మెగాబైట్లలో ఉంది. ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 100 మెగాబిట్లు, 12.5 మెగాబైట్లే. ఫీజు తీసుకోకుండా టీ తాగించి పంపాను.

ఇక చట్టం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే టెలికాం ఉంది. ఒప్పుకున్న పని నాణ్యతలో లోపం ఉంటే అది సేవా లోపం. '100 వరకు' అని రాశాం కదా అని వాళ్లు ఆ 'వరకు' వెనక దాక్కుంటారు. అప్పుడప్పుడు 70కో 80కో పడితే ఆ వాదన నిలబడవచ్చు. నెలల తరబడి పదే వస్తే నిలబడదని నా అభిప్రాయం. టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తి దగ్గరికే పోవాలనే పాత వాదనకు సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో తెర దించింది. వినియోగదారుల కమిషన్‌కు రావచ్చని తేల్చింది.

మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. అంటే నల్గొండ జిల్లా కమిషన్. వ్యాపారానికి వాడేవాళ్లు వినియోగదారులు కారన్న మాట నిజమే, కానీ పొట్టకూటి కోసం స్వయం ఉపాధికి వాడుకునేది వ్యాపారం కిందికి రాదని వాదించవచ్చు. పిల్లలకు మీరే పాఠం చెప్తున్నారు కాబట్టి మీకు ఆ వాదన ఉంది. లోపం మొదలైనప్పటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపుంటే కమిషన్ ఫీజు కూడా లేదు.

ఒక్కసారిగా అక్కడికి ఉరకకండి. ముందు కంపెనీ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు ఇచ్చి డాకెట్ నంబర్, అంటే ఆ ఫిర్యాదు నంబర్ తీసుకోండి. కేబుల్ ఆయనకు నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. పరిష్కారం కాకపోతే కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి పంపండి, దానికి పైసా కట్టక్కర్లేదు. అక్కడ 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తే పని అయిపోతుందనుకుంటారు చాలామంది. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు విచారించదు. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కంపెనీతో మాట్లాడి చూస్తుంది, ఒక్కోసారి తగువు అక్కడే తీరిపోతుంది.

అప్పటికీ కదలకపోతే 15 రోజుల గడువుతో నోటీసు పంపి కమిషన్‌కు వెళ్లండి. కంపెనీని, కేబుల్ ఆయన్ని ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆట అక్కడితో ఆగుతుంది. మిగిలిన నెలల డబ్బు, డిపాజిట్, ఖర్చులు, మితమైన పరిహారం అడగండి. ఐదు లక్షలు ఇప్పించమని రాస్తే మీ మీదే నమ్మకం పోతుంది.

కనెక్షన్ తీయించేసుకుంటే రూటర్‌ను ఊరికే చేతిలో పెట్టకండి. సీరియల్ నంబర్ కనబడేలా ఫోటో తీసి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. డిపాజిట్ అడిగిన రోజు 'డబ్బా మాకు రానే లేదు' అనే మాట వింటూనే ఉంటాం.