1 టన్ను వాటర్ చిల్లర్‌కి క్యాపిలరీనా, వాల్వా?

అన్నా, జీడిమెట్లలో లేజర్ మెషిన్‌కి చేయించిన 1 టన్ను చిల్లర్‌లో నీళ్లు వేడిగా ఉన్నప్పుడు కూలింగ్ అందట్లేదు, చల్లబడ్డాక కంప్రెసర్ దాకా మంచు పడుతోంది అన్నారు. మళ్లీ గ్యాస్ నింపించకండి, మంచు ఇంకా పెరుగుతుంది. క్యాపిలరీ అంటే గ్యాస్‌ని వదిలే సన్నని గొట్టం, దాని రంధ్రం మారదు కాబట్టి లోడ్ (ఎంత వేడి తీయాలి) సంగతి దానికి తెలీదు. ఫ్రిజ్‌కి సరే, 35 డిగ్రీల నీళ్లు 15కి దిగాల్సిన చోట కష్టం. పైగా మే నెలలో రేకుల షెడ్డు కింద హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వైపు ప్రెషర్) పెరిగితే గ్యాస్‌ని ఇంకా ఎక్కువ తోసేస్తుంది.

మీ ఆర్‌-134ఎ గ్యాస్‌కి తగ్గ థర్మోస్టాటిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (లోడ్‌ని బట్టి గ్యాస్‌ని ఎక్కువ తక్కువ చేసే వాల్వ్) వేయించండి. 1 టన్ను, అంటే 3.5 కిలోవాట్లకే. పెద్దదైతే మంచిదని 2 టన్నులది పెడితే అది తెరుస్తూ మూస్తూ ఊగిసలాడుతుంది. సూపర్‌హీట్, అంటే గ్యాస్ పూర్తిగా ఆవిరయ్యాక ఇంకా ఎక్కే వేడి, 5, 6 డిగ్రీలు చాలు.

అసలు పని వాల్వ్‌కి టెంపరేచర్ అందించే బల్బు దగ్గరుంది. సక్షన్ పైపు (కంప్రెసర్‌లోకి గ్యాస్ తిరిగొచ్చే పైపు) అడ్డంగా వెళ్లే చోట, పైపుని మెరిసేలా రుద్ది, పైభాగాన రాగి పట్టీతో బిగించి ఇన్సులేషన్ చుట్టాలి. అడుగున పెడితే లోపలి ఆయిల్ వల్ల టెంపరేచర్ సరిగా అందదు. నేనొకసారి కేబుల్ టైతో కట్టేసి రెండు రోజులు తల పట్టుకున్నాను!

ఇంకోటి, మిషన్ ఆగాక ఈ వాల్వ్ మూసుకుంటుంది, ప్రెషర్లు త్వరగా సమం కావు, కంప్రెసర్ మళ్లీ స్టార్ట్ అవడం కష్టం. సింగిల్ ఫేజ్ కంప్రెసర్ అయితే స్టార్ట్ కెపాసిటర్, రిలే కూడా వేయించండి. వాల్వ్ ముందు రిసీవర్ (ద్రవంగా మారిన గ్యాస్ నిలవుండే ట్యాంకు), డ్రయర్ (తేమ పీల్చే ఫిల్టర్) ఉన్నాయో లేదో చూసి చెప్పండి.