స్పెల్లింగ్ రాలేదని నర్సింగ్ మాన్పిస్తారా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బిడ్డ ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం. క్లాసులో డయేరియా స్పెల్లింగ్ బోర్డు మీద రాయమంటే తప్పు రాసిందట, అందరూ నవ్వారట. ఇంటికొచ్చి వారమైంది, మళ్లీ పోనంటోంది. మా పక్కింటి అబ్బాయి అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని నెలకు పాతిక వేలు తెస్తున్నాడు. దాంట్లో స్పెల్లింగ్ కంప్యూటరే సరిచేస్తుందంటున్నారు. మాన్పించి అందులో వేయమంటారా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: అన్నా, మీరు రాసిన దాంట్లో పక్కింటి అబ్బాయి జీతం ఉంది, అమీర్‌పేట ఉంది. మీ బిడ్డకు అనాటమీ అర్థమవుతోందా, పేషెంట్ దగ్గర నిలబడే పని ఆమెకు ఇష్టమేనా అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. ఈ ప్రశ్న నాకు మిర్యాలగూడ నుంచి వస్తుంది, కల్వకుర్తి నుంచి వస్తుంది, అచ్చంపేట నుంచి వస్తుంది. కోర్సుల పేర్లు మారతాయి గానీ లోపలి భయం ఒకటే, తెలుగు మీడియం పిల్ల ఆ ఇంగ్లిషు పదాల మధ్య నెగ్గుకొస్తుందా అని. అది అడగడానికి మొహమాటపడి ఏ కోర్సు మేలు అని అడుగుతారు.

నెగ్గుకొస్తుంది. డయేరియా సంగతే చూడండి. డీ, ఐ, ఏ, రెండు ఆర్‌లు, హెచ్, ఓ, ఈ, ఏ. పలికేదానికీ రాసేదానికీ పొంతనే లేదు. కాన్వెంటులో చదివిన పిల్లలు కూడా దీన్ని తప్పు రాస్తారు, ఎందుకంటే ఇది గ్రీకు నుంచి వచ్చిన పదం. ఆ రెండు ఆర్‌ల దగ్గర్నుంచి చివరి దాకా ఒకే ముక్క, కారడం అని అర్థం. ముక్కు కారితే రైనోరియా, అక్కడా అదే ముక్క, అదే స్పెల్లింగ్. ఐటిస్ ఉంటే వాపు, ఎక్టమీ ఉంటే కోసి తీసేయడం. ఇలాంటి ముక్కలు ఓ వంద పట్టుబడితే పుస్తకంలో పదాలు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

పదాన్ని విడగొట్టడం మీ బిడ్డకు కొత్తేమీ కాదు. కిరణజన్య సంయోగక్రియ అని బడిలోనే తప్పు లేకుండా రాసిన పిల్ల కదా! రక్తహీనత అంటే ఏంటో తెలుసు. అనీమియా కూడా అచ్చం అదే, అన్ అంటే లేకపోవడం, ఈమియా అంటే రక్తం. ఇంకో తిరకాసు ఉంది, దీన్ని క్లాసులో ఎవరూ విడమరిచి చెప్పరు. బ్రిటిష్ పద్ధతిలో అనీమియా మధ్యలో ఏ, ఈ రెండూ రాస్తారు, అమెరికా పద్ధతిలో ఈ ఒక్కటే. హిమోగ్లోబిన్‌కూ అంతే. ఒక పుస్తకంలో ఒకలా, ఫోన్‌లో ఇంకోలా కనిపిస్తే పిల్ల తనకే రాదనుకుంటుంది. రెండూ ఒప్పే, పరీక్షలో మాత్రం కాలేజీ పుస్తకంలో ఉన్నట్టు రాస్తే సరిపోతుంది.

కల్వకుర్తి వైపు అమ్మాయి ఒకామె ఇలాగే ఏడుస్తూ వచ్చింది. పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు పదాన్ని ముక్కలుగా, కుడివైపు తెలుగులో అర్థం రాయమన్నాను, రోజుకు పది. రెండు నెలలకు నోట్సు తెస్తే ఆఫ్తాల్మాలజీ, అంటే కంటి వైద్యం, ఆ పదం కింద పీ, హెచ్, టీ, హెచ్ అని ఎర్ర పెన్నుతో నాలుగుసార్లు దిద్దుకుని ఉంది. చాలామంది అందులో మొదటి హెచ్ మింగేస్తారు, బోర్డులు రాయించే వాళ్లతో సహా.

మందుల పేర్లు మాత్రం వేరే లెక్క. హైడ్రాలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకు. అక్కడ అందాజాగా రాయకూడదు, అర్థం కాకపోతే డాక్టర్‌ను మళ్లీ అడగాలి. స్పెల్లింగ్ రాదని భయపడే పిల్ల అడుగుతుంది. అన్నీ వచ్చనుకునే వాళ్లతోనే నాకు టెన్షన్.

ఇక కోడింగ్. కంప్యూటర్ సరిచేస్తుందని మీకెవరు చెప్పారో గానీ, వాళ్లు ఆ పని చేసి ఉండరు. అమెరికా డాక్టర్లు రాసిన రిపోర్టులు రోజంతా ఇంగ్లిషులో చదివి, ప్రతి జబ్బుకూ చికిత్సకూ అక్కడి ఇన్సూరెన్స్ కోసం కోడ్ వేయడమే ఆ ఉద్యోగం. ఇంగ్లిషంటే భయపడి ఇంకా ఎక్కువ ఇంగ్లిషులోకి దూకడమన్నమాట! ఇలియం అని రెండు పదాలున్నాయి, మధ్యలో ఈ ఉంటే చిన్నపేగు చివరి భాగం, ఐ ఉంటే తుంటి ఎముక. రెండూ సరైన పదాలే, కంప్యూటర్ కిక్కురుమనదు. కోడింగ్ సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్షకు కోడ్ పుస్తకాలు వెంట తీసుకెళ్లనిస్తారు, నాలుగు గంటల్లో వంద ప్రశ్నలు. పుస్తకం ఎదురుగా ఉన్నా దాని ఇండెక్స్ అక్షరక్రమంలో ఉంటుంది. న్యుమోనియా పీతో మొదలవుతుందని తెలియనివాడు ఎన్ పేజీల్లో వెతుక్కుంటూ కూర్చుంటాడు. పైగా ఆ జబ్బుల కోడ్‌లు ఏటా అక్టోబరులో మారుతుంటాయి. తేలిక కేసుల్ని సాఫ్ట్‌వేరే చేసేస్తున్న రోజులివి, కొత్తవాళ్లకు ఇచ్చేవి ఆ తేలిక కేసులే. అందుకే ఇన్‌స్టిట్యూట్ల మాటలు నేను అంత తొందరగా నమ్మను. కోడింగ్ అని ఫీజు కట్టించుకుని, చివరికి రాత్రిపూట అమెరికాకు ఫోన్లు చేసే ఉద్యోగంలో కూర్చోబెడితే లబోదిబోమంటూ వచ్చిన పిల్లల్ని చూశాను.

పోలిక అడిగారు కాబట్టి ఒక్కటే చెబుతా. నర్సింగ్ పూర్తిచేసిన పిల్ల రేపు కావాలంటే కోడింగ్‌లోకి పోవచ్చు, ఆ కంపెనీలు నర్సింగ్ చదివినవాళ్లను ఇష్టంగానే తీసుకుంటాయి. ఇప్పుడు మానేస్తే ఆమె చేతిలో ఉండేది ఇంటర్ మెమో. తర్వాత నర్సింగ్ కావాలంటే మళ్లీ మొదటి సంవత్సరమే.

కోప్పడకండి గానీ, నవ్వింది క్లాసులో వాళ్లు, వారం నుంచి ఇంట్లో కూర్చోబెట్టింది మీరు. రెండో రోజే బస్సెక్కించి ఉంటే ఈపాటికి సగం మరిచిపోయేది. ఇన్‌స్టిట్యూట్‌కు అడ్వాన్సు కట్టి ఉంటే రసీదు తీసుకుని వాపసు అడగండి. ఈ సాయంత్రం బిడ్డ పక్కన కూర్చుని, అక్షరాలు ఆమెతోనే చెప్పించుకుంటూ డయేరియా అని మీరూ ఒకసారి రాయండి. తప్పు పోతే ఇద్దరూ కలిసి నవ్వుకోండి. సోమవారం పొద్దున బస్సుకు పంపండి.