మంచు పడకముందే ఇల్లు చూసుకో బిడ్డా

హనుమకొండ,
ఎంగిలిపూల బతుకమ్మ మర్నాడు

బిడ్డా,

నిన్న మీ అమ్మ బతుకమ్మ పేర్చుకుంటూ మీరు కెనడాలోని విన్నిపెగ్‌లో పాత ఇల్లు కొన్న సంగతి చెప్పింది. చాలా సంతోషమైంది. చెప్తూ చెప్తూనే చేతిలో తంగేడు పువ్వు పట్టుకొని ఆగిపోయి, ‘బావా, అక్కడ మైనస్ నలభై అంటున్నరు, పిల్ల ఎట్ల తట్టుకుంటదో’ అని కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. ఆమెకు ధైర్యం చెప్పాను. నీకు ధైర్యంతో పాటు పని కూడా చెప్పాలి, అందుకే ఈ ఉత్తరం.

మన సిర్పూర్‌(యు)లో 5 డిగ్రీలు పడితే పేపర్లో ఫోటో వేస్తారు. అక్కడ జనవరి రాత్రులు మైనస్ 20 అన్నది మామూలు లెక్క. ఏడాదికి కొన్ని రోజులు మైనస్ 35 దాకా పోతుంది. 1879 డిసెంబరు 24న ఆ ఊళ్లో మైనస్ 47.8 నమోదైంది. అయినా మనిషి సంగతి నాకు అంత టెన్షన్ లేదు. మంచి జాకెట్, లోపల ఉన్ని బట్టలు, గాలి దూరని బూట్లు ఉంటే ఒళ్లు నెల రోజుల్లో అలవాటు పడుతుంది. నా టెన్షనంతా మీ ఇంటి గురించే. 1994 నుంచి 2017 దాకా అక్కడ స్కూలు బిల్డింగుల మెయింటెనెన్సులో పనిచేశాను, మా సొంతిల్లు కూడా పాతదే. చలికాలంలో నేను చూసిన నష్టాల్లో చాలావరకు నీళ్లు చేసినవే. పైపులో నీళ్లు, గాలిలో తేమ, కప్పు మీద కరిగి మళ్లీ గడ్డకట్టే మంచు. మీ ఇంట్లో నీళ్లు ఎక్కడున్నాయో, ఎటు పోతున్నాయో ముందు తెలుసుకో. మిగతా పనులన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

మన తాతలు మిరుగు రాకముందే గూన పెంకులు సర్దించేవాళ్లు గుర్తుందా? వాన మొదలైతే ఎవరూ ఇల్లెక్కరు. అక్కడ మీకు అక్టోబరే ఆ సమయం. నెలాఖరుకు మంచు పడొచ్చు. పడ్డాక సందులు పూడ్చే సీలెంటు గోడకు సరిగ్గా అతుక్కోదు, నిచ్చెన వేయడం ప్రమాదం, పనివాళ్లు దొరకరు. మీ చేతిలో ఉన్నది నాలుగైదు వారాలే.

మొదట పైపుల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే. 1998 డిసెంబరులో మీ చిన్నత్త పెళ్లికి మూడు వారాలు హనుమకొండ వచ్చాం. ఇంట్లో ఎవరూ ఉండరు కదా, గ్యాస్ బిల్లు మిగులుతుందని ఇంటి వేడిని సెట్ చేసే థర్మోస్టాట్ 8 డిగ్రీలకు దించి వచ్చాను. వంటింటి సింకు బయటి గోడకు ఆనుకొని ఉండేది. సింకు కింది అల్మారా తలుపులు మూసే ఉన్నాయి. ఇల్లంతా 8 డిగ్రీలున్నా మూసిన అల్మారాలో, గోడ పక్కన, సున్నా కన్నా కిందికి పోయింది. పైపు పగిలింది. పగిలినప్పుడు చుక్క కూడా కారి ఉండదు, ఐసే అడ్డంగా ఉంటుంది కదా. తర్వాత ఎప్పుడో చలి తగ్గి ఐసు కరిగాక మొదలైంది. మేం తిరిగి వచ్చి తలుపు తీసేసరికి బేస్‌మెంట్ సీలింగ్ ఊడి కింద పడి ఉంది. కార్పెట్ మీద అడుగేస్తే నీళ్లు పైకి ఉబికాయి. ఇక్కడి నుంచి పట్టుకుపోయిన మా పెళ్లి ఫోటోలు ఆ గదిలోనే, అట్టపెట్టెలో ఉండేవి. మీ పెద్దమ్మ వాటిని ఒక్కొక్కటీ విడదీసి తాడు మీద ఆరేసింది. సగం కూడా దక్కలేదు. తప్పు పూర్తిగా నాదే.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి. అయితే పైపు చాలాసార్లు ఐసు ఉన్నచోట పగలదు. ఐసుకూ మూసిన నల్లాకూ నడుమ ఇరుక్కున్న నీళ్లకు పోవడానికి దారి ఉండదు. ఒత్తిడి పెరిగి అక్కడ పగులుతుంది. అందుకే బాగా చలి ఉన్న రాత్రి బయటి గోడ పక్కనున్న నల్లాను సన్నని ధారగా వదిలిపెట్టమంటారు. నీళ్లు వృథా అని మనకు మనసొప్పదు, బోరు ఎండిన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లం. ఆ ఒక్క రాత్రికి ఒప్పించుకో. సింకు కింది తలుపులు కూడా తెరిచిపెట్టు, గది వెచ్చదనం లోపలికి పోతుంది.

ఊరికి వెళ్లాల్సి వస్తే థర్మోస్టాట్ 15 కన్నా దించొద్దు. మెయిన్ వాల్వు కట్టేసి, అన్ని నల్లాలూ తెరిచి, పైపులు ఖాళీ చేసి వెళ్లండి. రోజూ ఎవరైనా వచ్చి ఇల్లు చూసేలా ఏర్పాటు చేసుకోండి. చాలా ఇన్సూరెన్సు పాలసీల్లో ఇంత తరచుగా ఇల్లు చూడాలని షరతు ఉంటుంది. చూడకపోతే డబ్బు ఇవ్వరు. మీ పాలసీ తీసి చదువు, అల్లుడి మీద వదిలేయొద్దు.

ఎప్పుడైనా పైపు గడ్డకడితే కంగారు పడొద్దు. ముందు నల్లా తెరిచి ఉంచు. హెయిర్ డ్రయ్యర్‌తో నల్లా వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా వెనక్కి వెచ్చచేస్తూ పో. మంట దగ్గరికి తీసుకుపోవద్దు. పాత ఇళ్ల గోడల్లో ఎండిన చెక్క, రంపపు పొట్టు ఉంటాయి, ఇట్టే అంటుకుంటాయి.

పెరట్లో గోడకు తోట నల్లా ఉంటుంది. దానికి హోస్ పైపు తగిలించి ఉంటే ఈ వారమే తీసేయ్. లోపల బేస్‌మెంట్‌లో దానికి వేరే వాల్వు ఉంటుంది, అది కట్టేసి బయటి నల్లా తెరిచి వదిలేయ్. పది నిమిషాల పని.

ఒక్కోసారి మన చేతిలో లేనిదీ జరుగుతుంది. 2014 చలికాలంలో చలి భూమిలోకి ఎంత లోతుకు దిగిందంటే, వీధి కింది నుంచి ఇంట్లోకి వచ్చే పైపులే వందల ఇళ్లకు గడ్డకట్టాయి. పక్కింటి నుంచి హోస్ పైపుతో నీళ్లు తెచ్చుకొని వారాల తరబడి గడిపినవాళ్లు ఉన్నారు. అలాంటి ఏడాది మున్సిపాలిటీ వాళ్లు నల్లా వదిలి ఉంచమని చెప్తే విను. పక్కింటివాళ్లతో ఇప్పటినుంచే మంచిగా ఉండు. వాళ్లకు సకినాలు పంపు.

ఇక గాలిలోని తేమ. మన వంట మామూలు వంట కాదు. అన్నం ఉడకాలి, కుక్కర్ మూడు విజిల్స్ వేయాలి, పచ్చిపులుసు తప్ప అన్నీ పొయ్యి ఎక్కాల్సిందే. ఆ ఆవిరంతా పోయి చల్లటి కిటికీ అద్దం మీద నీళ్లవుతుంది. రాత్రికి అదే ఐసు అవుతుంది, పొద్దున కరిగి చెక్కలోకి దిగుతుంది. రెండు చలికాలాల్లో కిటికీ చట్రం నల్లబడి బూజు పడుతుంది. పొయ్యి పైన ఉన్న ఫ్యాను గాలిని నిజంగా బయటికి పంపుతుందా, లేక ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ వంటింట్లోకే వదులుతుందా చూడు. చాలా పాత ఇళ్లల్లో రెండోదే ఉంటుంది. అలా ఉంటే కిచెన్ రీమోడలింగ్ ఖర్చుల కన్నా ముందు ఆ ఫ్యానుకు గోడలోంచి బయటికి గొట్టం వేయించుకోండి. స్నానాల గదిలో ఫ్యాను స్నానమయ్యాక ఇంకో అరగంట తిరగాలి. తడిబట్టలు గదుల్లో ఆరేయొద్దు. చిన్న తేమ మీటరు దొరుకుతుంది, కొనుక్కో. బయట మైనస్ 30 ఉంటే లోపల తేమ 20 శాతం దాటకుండా చూసుకో. పెదవులు పగులుతాయి, తలుపు గొళ్లెం ముట్టుకుంటే చిటుక్కుమని కరెంటు తగులుతుంది, అయినా ఇల్లు బాగుంటుంది. పెదవులకు నెయ్యి రాసుకో.

పగలు కర్టెన్లు తెరిచి ఉంచు, గది గాలి అద్దానికి తగిలితే తడి ఆరుతుంది. పాత కిటికీలకు లోపలి వైపు అంటించే పల్చటి ప్లాస్టిక్ షీటు కిట్లు దుకాణాల్లో ఉంటాయి. చుట్టూ టేపు అంటించి, షీటు పరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే గుంజుకొని అద్దంలా అవుతుంది. తలుపు కింది సందుకు మన కొత్తవాడ శతరంజి చుట్ట చుట్టి అడ్డం పెట్టు. మీ అమ్మ రెండు పంపుతుందట, వద్దనకు. బేస్‌మెంట్ గచ్చు మీద కూడా పనికొస్తుంది.

ఆ తేమగాలే పైకి లేచి అటకలోకి, అంటే సీలింగుకూ కప్పుకూ నడుమ ఖాళీలోకి, కూడా పోతుంది. సీలింగ్ లైట్ల చుట్టూ, పైకి ఎక్కే మూత చుట్టూ సందులుంటాయి. చలికాలమంతా అటక చెక్కకు తెల్లగా మంచు పేరుకొని, మార్చిలో ఒక్కసారిగా కరిగి సీలింగ్ మీద మరకలు పడతాయి. కప్పు కారుతోందని చాలామంది పైకప్పు మార్పించేస్తారు. మా స్కూల్లోనూ ఒకసారి అలా అనుకున్నారు, నేను లోపలికి పాక్కుంటూ వెళ్లి చూస్తే మేకుల మొనలకు మంచు వేలాడుతోంది. కాబట్టి ముందు సందులు పూడ్పించి, ఆ తర్వాతే ఇన్సులేషన్ వేయించండి. అది వేడిని ఎంత ఆపుతుందో అక్కడ ‘ఆర్’ లెక్కలో చెప్తారు, ఆర్-50కి తక్కువ ఉంటే పెంచుకోండి. ఈ పనికి డబ్బు పెట్టడానికి వెనకాడొద్దు. ఇంటి వేడి పైకి పోతే కప్పు మీది మంచు కరిగి జారి, చూరు దగ్గర గడ్డకట్టి కట్టలా నిలుస్తుంది. దాని వెనక నిలిచిన నీళ్లు లోపలికి దిగుతాయి. కొందరు ఆ ఐసును గొడ్డలితో కొట్టడం చూస్తావు, మీరు మాత్రం ఆ పని చేయొద్దు. కింద నిలబడే పొడుగు కర్ర పారతో చూరు మీది మంచు లాగేస్తే చాలు.

ఇప్పుడు ఫర్నేస్, అంటే ఇల్లంతా వెచ్చబెట్టే యంత్రం. ఫిల్టరు నెలకోసారి తీసి చూడు, మురికైతే మార్చు. కొత్తరకం ఫర్నేస్ అయితే పొగ గొట్టం కప్పు మీదికి పోదు. పక్క గోడలోంచి రెండు ప్లాస్టిక్ పైపులు బయటికి వస్తాయి. వాటికి మంచు పట్టి మూసుకుంటే ఫర్నేస్ దానంతట అదే ఆగిపోతుంది, అదీ అర్ధరాత్రే. ఇల్లు చల్లబడితే మెకానిక్‌కు ఫోన్ చేసేముందు టార్చి పట్టుకొని బయటికి వెళ్లి ఆ పైపుల చుట్టూ మంచు తీయండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర తప్పకుండా ఉండాలి. బటన్ నొక్కి మోగుతుందో లేదో ప్రతి నెలా చూడు. ఆ విషపు గ్యాసుకు వాసన ఉండదు. మన దగ్గర కూడా చలికి తలుపులు మూసి, గదిలో కుంపటి పెట్టుకొని పడుకున్నవాళ్లు పొద్దునకు లేవని సంఘటనలు నువ్వు పేపర్లో చదివే ఉంటావు. కరెంటు పోయిందని బొగ్గుల పొయ్యి లోపలికి తేవొద్దు. కారు వేడెక్కాలని ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో ఇంజను ఆన్ చేసి వదలొద్దు, షట్టరు తెరిచి ఉన్నా సరే. పసిపిల్లలున్న ఇల్లు, ఈ ఒక్క విషయంలో నా మాట దాటొద్దని గట్టిగా చెప్తున్నాను.

చలి బాగా ముదిరినప్పుడు టాయిలెట్ గుడగుడమంటూ నీళ్లు సరిగ్గా దిగకపోయినా, ఇంట్లో మురుగు వాసన వచ్చినా ముందే సెప్టిక్, డ్రైనేజీ అని పరుగెత్తొద్దు. మురుగు పైపుల నుంచి కప్పు మీదికి పోయే గాలి గొట్టం మూతి మంచుతో పూడుకుపోయి ఉండొచ్చు. కాస్త ఎండ కాస్తే తనే తెరుచుకుంటుంది. ప్రతి ఏడూ జరిగితే ఆ గొట్టం అటకలో ఉన్నంత మేర ఇన్సులేషన్ చుట్టిస్తే తగ్గుతుంది.

మీ ఇంటి కింది మట్టి గురించి కూడా చెప్పాలి. అది మన నల్లరేగడికి అన్నలాంటిది. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. మన దగ్గర పునాది గుంతలో మొరం నింపేది ఇందుకే కదా. బేస్‌మెంట్‌లో దూలం కింద స్క్రూతో ఎత్తుదించే ఇనుప స్తంభాలు ఉంటాయి, అక్కడ టెలిపోస్టులంటారు. తలుపులు పట్టేస్తున్నాయని, గోడల్లో పగుళ్లొచ్చాయని అల్లుడు వాటిని తనే తిప్పబోతాడు, ఆపు. తెలిసినవాళ్లు కొంచెం కొంచెంగా తిప్పాలి. మార్చిలో మాత్రం గోడల పక్కన పేరుకున్న మంచును దూరంగా తోసేయండి. చూరు నీటి గొట్టం చివర కనీసం 6 అడుగుల దూరంలో పడాలి. బేస్‌మెంట్ గుంతలో పంపు ఉంటే ఒక బకెట్ నీళ్లు పోసి పనిచేస్తుందో లేదో చూడండి.

మిగతావి చిన్నవి. మామూలు ఉప్పు మైనస్ 15 దాటితే మెట్ల మీద పనిచేయదు, ఇసుక చల్లు. కారుకు ఇంజను హీటరు ప్లగ్గు ఉంటే బయల్దేరడానికి మూడు గంటల ముందు టైమరుతో పెట్టు. గరాజ్ షట్టరు రబ్బరు నేలకు అతుక్కుంటే బటన్ మళ్లీ మళ్లీ నొక్కొద్దు, మోటారు పోతుంది. తడి చేత్తో ఇనుము పట్టుకోవద్దు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మనసు దిగులుగా ఉంటుంది, అది నీ ఒక్కదానికే కాదు. మధ్యాహ్నం పది నిమిషాలైనా ఎండలో నడువు, రోజూ అమ్మతో మాట్లాడు.

ఈ శనివారం అల్లుణ్ణి బేస్‌మెంట్‌లోకి దిగి మెయిన్ వాల్వు తిప్పి చూడమను. మీటరుకు ముందు, గోడలోంచి పైపు వచ్చేచోట ఉంటుంది. పాత ఇళ్లల్లో ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటుంది. మెల్లగా తిరిగితే మంచిది, తిరగకపోతే బలవంతం చేయొద్దు, విరిగితే ఆపడానికి వీధిలో వాల్వు తప్ప ఇంకేదీ ఉండదు. ఫోటో తీసి నాకు పంపు. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర ఉంటాం, అయినా ఫోన్ నా దగ్గరే ఉంటుంది.

మీ పెద్దబాపు