చిన్ననాటి స్నేహితుడే నిందితుడైతే పోలీసు ఏం చేయాలి?

రాపూరు బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్న ఇద్దరిలో ఒకరు ఇప్పుడు ఎస్సై, ఇంకొకరు ఎర్రచందనం దొంగరవాణా కేసులో నిందితుడు. అర్ధరాత్రి తలుపు తట్టి, “ఈ ఒక్క రాత్రికి చోటివ్వరా” అంటే ఏమవుతుందని ఒకరు నన్ను అడిగారు.

చోటిస్తే ఎస్సై కూడా బోనెక్కాల్సిందే. నేరం చేశాడని తెలిసీ, శిక్ష తప్పించాలని దాచిపెట్టడం భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షన్ కింద నేరం. అందులో మినహాయింపు భార్యాభర్తలకే. కన్నతల్లికి కూడా లేదు.

అలాగని స్నేహం చచ్చిపోనక్కరలేదు. గుక్కెడు మంచినీళ్ళిచ్చి, “పద, నేనూ వస్తాను” అంటూ స్టేషనుకు వెంటబెట్టుకెళ్ళి అప్పగించవచ్చు. వెలికొండల్లో రాత్రిపూట పరుగులు తీస్తూ పట్టుబడటం కన్నా అది వెయ్యి రెట్లు మేలని నా గట్టి నమ్మకం. స్నేహం సంగతి పై అధికారికి చెప్పి, దర్యాప్తుకు దూరంగా ఉండాలి. అరెస్టు చేశాక, ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టు కబురు ఎవరికి పంపాలో నిందితుడే చెప్పవచ్చు. ఆ వరుసలో చట్టం బంధువు పక్కనే స్నేహితుడి పేరు కూడా రాసింది.