ఫ్లెమిష్, డచ్ చిత్రకళ చరిత్ర చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

1585 దగ్గర. ఆ ఏడాది ఆంట్‌వెర్ప్ (ఇప్పటి బెల్జియంలోని నగరం) స్పెయిన్ సేనలకు లొంగిపోయింది. ప్రొటెస్టంట్ చిత్రకారులు, వర్తకులు చాలామంది ఉత్తరాదికి, అంటే ఇప్పటి నెదర్లాండ్స్‌కు, వలసపోయారు. అంతకు ముందటి బొమ్మలను డచ్ (ఉత్తరాదివి), ఫ్లెమిష్ (దక్షిణాదివి) అని రెండు గాట్లకు కట్టేయడంలో పెద్దగా అర్థం లేదు. ఆ తర్వాత కొనేవాళ్లే వేరయ్యారు. దక్షిణాన కాథలిక్ చర్చి, రాజాస్థానం (చిత్రకారుడు రూబెన్స్ అక్కడివాడే). ఉత్తరాన కాల్వినిస్టు (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) చర్చిలు బొమ్మల్ని రానివ్వలేదు కాబట్టి ఇంటి గోడకు సరిపోయే దృశ్యాలు, పళ్లూ గిన్నెలూ.

తేదీల దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. అప్పటి బొమ్మలు ఎక్కువగా ఓక్ పలకల మీద వేశారు, పలకలోని చెట్టు వలయాలు లెక్కపెట్టి కాలం కడతారు. కానీ చెక్క కోసేటప్పుడు బెరడు కింది మెత్తటి పొర చెక్కేసేవారు, ఆపైన ఆరబెట్టేవారు. అందుకే ఆఖరి వలయం 1490 అని తేలితే, బొమ్మ అంతకంటే పాతది కాదని మాత్రమే రుజువు. పాత పలక మీద తర్వాతి శతాబ్దంలో నకలు వేసి ఉండొచ్చు. సంతకాన్ని అంతకన్నా తక్కువ నమ్మండి; అమ్మకం కోసం తర్వాత చేర్చినవి ఉన్నాయి.

సాధనకు ఘెంట్ బలిపీఠం (వాన్ ఐక్ సోదరుల చిత్రం, 1432) మంచిది: దాని ఎక్స్‌రే, ఇన్‌ఫ్రారెడ్ చిత్రాలు నెట్‌లో ఉచితం. మిగతా చిత్రాలకు హేగ్‌లోని ఆర్‌కేడీ (RKD, డచ్ కళాచరిత్ర సంస్థ) డేటాబేస్‌లో వెతకండి.