టెక్ సందేహాలు: ఎబ్రో డెల్టాలో కార్లు లేని సైకిల్ దారి వెతకడం ఎలా?

ప్రశ్న: మేం బార్సిలోనాలో ఉంటున్నాం. సెప్టెంబరులో నేను, మావారు, పదకొండేళ్ల మా బాబు రైల్లో తొర్తోసా పట్టణం దాకా వెళ్లి, అక్కడి నుంచి ఎబ్రో నది డెల్టా వరిచేల మధ్య రెండు రోజులు సైకిళ్ల మీద తిరగాలనుకుంటున్నాం. బాబు ఉన్నాడు కాబట్టి కార్లు లేని దారే కావాలి. ఫోన్‌లో మ్యాప్‌ని ఎలా అడిగినా లారీలు తిరిగే ఎన్-340 రోడ్డు వైపు తీసుకెళ్తోంది, లేదంటే పొలాల్లో ఎక్కడో ఆగిపోయే సన్నగీతల మీదికి పంపిస్తోంది. ఏ యాప్ వాడమంటారు?

జవాబు: యాప్ పేరు తర్వాత చెబుతాను. ముందు తప్పు ఎక్కడ జరుగుతోందో చూడండి. మ్యాప్ యాప్‌లు ముఖ్యంగా లెక్కేసేది దూరం, సమయం, ఎత్తుపల్లాలు. కొండ ప్రాంతంలో ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. ఎబ్రో డెల్టా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న 320 చదరపు కిలోమీటర్ల చదును నేల. అక్కడ ఎత్తుపల్లాల లెక్కకి పనే లేదు. తారు రోడ్డు, కంకర బాట, చేలగట్టు అన్నీ యాప్‌కి దాదాపు ఒకటే, ఏది దగ్గరైతే అది చూపించేస్తుంది. తొక్కేవాళ్లకి మాత్రం అక్కడ రోజు బాగుండాలా పాడవ్వాలా అని తేల్చేవి రెండే: చక్రం కింద నేల, ఎదురొచ్చే గాలి. ఈ రెండూ చూపించే సాధనాలే మీకు కావాలి.

నేల సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌లో వాలంటీర్లు ఒక్కో దారికి అది తారా, గట్టిపరిచిన కంకరా, ఉత్త మట్టా అని విడిగా రాసి పెడతారు. పొలం దారులకైతే గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 5 దాకా గ్రేడ్ కూడా ఉంటుంది. 1 అంటే తారు లేదా సిమెంటు వేసినంత గట్టి దారి, 5 అంటే దాదాపు గడ్డి, మెత్తటి మట్టి. బాబుతో వెళ్తున్నారు కాబట్టి 1, 2 గ్రేడ్‌ల దగ్గరే ఆగండి. 3 ఎండాకాలంలో పర్లేదు, వాన పడ్డాక వద్దు.

ఈ వివరాలు చూడటానికి నేను వాడేది కంప్యూటర్‌లో బీరూటర్ వెబ్‌సైట్. ట్రెకింగ్ బైక్ ప్రొఫైల్ ఎంచుకుని మ్యాప్ మీద తొర్తోసా, డెల్టా వైపున్న ఊళ్లు అంపోస్తా, దెల్తెబ్రే వరసగా నొక్కండి. కింద ఉన్న డేటా పట్టిక తెరిస్తే దారిలో ప్రతి ముక్కా ఒక్కో వరసగా కనిపిస్తుంది: ఇంత దూరం, ఈ రకం రోడ్డు, ఈ నేల. మెయిన్ రోడ్డు అని రాసి ఉన్న వరస కనిపిస్తే అక్కడ గీతని పట్టుకుని పక్క దారి మీదికి లాగండి. అరగంట కూర్చుంటే చాలు. ఇంత ఓపిక లేదనుకుంటే సైకిల్ డాట్ ట్రావెల్ అనే సైట్ ఉంది. అది మొదటి నుంచీ రద్దీ లేని దారులకే మొగ్గు చూపుతుంది.

బోర్డులు పెట్టి నిర్వహిస్తున్న దారులు ఏవో తెలియాలంటే వేమార్క్‌డ్ ట్రెయిల్స్ సైట్‌లో సైక్లింగ్ మ్యాప్ చూడండి. తొర్తోసా పక్కనే మీకు వియా వెర్దే కనిపిస్తుంది. స్పెయిన్‌లో మూతపడిన రైలుమార్గాల మీద వేసిన సైకిల్ దారులకి ఆ పేరు. 1993లో మొదలైన ఈ కార్యక్రమంలో ఇప్పటికి దేశమంతా కలిపి 3,000 కిలోమీటర్లకు పైగా దారులు సిద్ధమయ్యాయి. తొర్తోసా దగ్గరిది వాల్ దె సాఫాన్ రైలుమార్గం, 1973లో మూతపడింది. షెర్తా నుంచి తొర్తోసా దాకా కమలా తోటల మధ్య నుంచి వస్తుంది. రైలు కోసం వేసిన కట్ట కాబట్టి ఏటవాలు దాదాపు ఉండదు, మోటారు బళ్లూ ఉండవు. డెల్టాలోకి దిగే ముందు బాబుకి కాళ్లు అలవాటు కావాలంటే మొదటి పూట దీనిమీద తిప్పండి. పైకి కొండల వైపు వెళ్తే సొరంగాలు వస్తాయి, లైట్లు పట్టుకెళ్లాలి. వాటిలో జీపీఎస్ అందదు, చుక్క ఎక్కడికో గెంతితే కంగారు పడకండి.

స్ట్రావా హీట్‌మ్యాప్ (స్ట్రావా యాప్ వాడేవాళ్లు ఎక్కువగా తిరిగిన దారులు వెలుగుతూ కనిపించే మ్యాప్) చూసి దారి ఎంచుకోమని చాలామంది సలహా ఇస్తారు. మీకు నేనైతే వద్దంటాను. అందులో బాగా వెలిగే గీతలు చాలావరకు రోడ్ బైకుల మీద వేగంగా పోయేవాళ్లవి. పక్క నుంచి కార్లు దూసుకుపోతున్నా వాళ్లు సర్దుకుపోతారు. మీ బాబు సర్దుకుపోవాల్సిన అవసరం లేదు.

పొలాల్లో ఆగిపోయే గీతల గురించి అడిగారు. డెల్టాలో సుమారు 20,000 హెక్టార్ల వరి ఉంది. కోనసీమలో పంట కాలువ గట్టు ఎక్కితే ఎలా ఉంటుందో అక్కడి కాలువ గట్లూ అలాగే ఉంటాయి: కొన్ని బండి పట్టేంత వెడల్పు, కొన్ని లాకు దగ్గర గొలుసు వేసి ఆగిపోయేవి. మ్యాప్‌లో రెండూ ఒకే సన్నగీత. గొలుసు ఉన్నచోట అనుమతి లేదని ఎవరైనా నమోదు చేసి ఉంటే సరే, లేకపోతే యాప్‌కి తెలిసే దారి లేదు. ఇక్కడ ఉపగ్రహ చిత్రం పనికొస్తుంది. అయితే మామూలు మ్యాప్‌లో కనిపించే ఫొటో ఎప్పటిదో చెప్పలేం. అక్కడ ఏప్రిల్‌లో మళ్లకి నీళ్లు వదులుతారు, సెప్టెంబరులో కోతలు మొదలవుతాయి. ఎండిన మడిలో తీసిన ఫొటోలో ప్రతి గట్టూ దారిలాగే ఉంటుంది. కోపర్నికస్ బ్రౌజర్ అనే ఉచిత సైట్‌లో సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన చిత్రాలు తేదీల వారీగా ఉంటాయి. మబ్బు లేకపోతే ఐదారు రోజులకొక కొత్త ఫొటో దొరుకుతుంది. ఫొటోలో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్లు కాబట్టి గొలుసు కనిపించదు కానీ, ఏ చేలో నీళ్లున్నాయో, ఏది కోసేశారో స్పష్టంగా తెలుస్తుంది. కోత మిషన్లు, ట్రాక్టర్లు తిరిగే వైపు ఆ వారం వెళ్లకపోవడమే మంచిది.

ఇక గాలి. ఎబ్రో లోయలోంచి సముద్రం వైపు వాయవ్యం నుంచి వీచే గాలిని అక్కడ మెస్త్రాల్ అంటారు. అడ్డం పెట్టుకోవడానికి డెల్టాలో చెట్టూ ఉండదు, దిబ్బా ఉండదు. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే 30 కిలోమీటర్ల గాలి ఎదురొచ్చిందనుకోండి. మీ ఒంటికి తగిలేది 45 కిలోమీటర్ల గాలి. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి అది గాలి లేనప్పటి కంటే తొమ్మిదింతలు. పిల్లవాడికి అది కొండ ఎక్కడం కంటే కష్టం, ఎందుకంటే కొండకి దిగుడైనా ఉంటుంది. విండీ యాప్‌లో అంపోస్తా పెట్టి గంటల వారీ గాలి దిశ, వేగం చూడండి. వాయవ్యపు గాలి ఉన్న రోజు తొర్తోసా నుంచి సముద్రం వైపు తొక్కండి, వీపు మీద తోస్తుంది. వెనక్కి రావడం గాలి తగ్గిన పొద్దుటి పూట పెట్టుకోండి. ముందే బుక్ చేసుకున్న హోటల్ కోసం ఎదురుగాలిలో పిల్లవాణ్ని తొక్కించొద్దు. రద్దు చేసుకోగలిగే గది తీసుకోండి.

దారి ఖాయమయ్యాక జీపీఎక్స్ ఫైల్‌గా (దారి గీతని దాచే ఫైల్) దించుకుని, నెట్ లేకున్నా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ యాప్‌లోనో ఓస్మాండ్ యాప్‌లోనో తెరవండి, ఆ ప్రాంతం మ్యాప్ ఇంట్లో వైఫై ఉండగానే డౌన్‌లోడ్ చేయండి. గూగుల్ మ్యాప్స్‌ని ఆఫ్‌లైన్‌లో దాచుకుంటే కారు దారి మాత్రమే చెబుతుంది, సైకిల్ దారి చెప్పదు. ఇది చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

ప్రశ్న: ఎబ్రో డెల్టాలోనే మిత్రులతో 60 కిలోమీటర్లు తొక్కాను. నా వాచ్ 40 మీటర్లు ఎక్కానంటోంది, ఫోన్ యాప్ 300 దాటిందంటోంది. ఏది నమ్మాలి? (మ్యూనిక్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: వాచ్‌నే, అదీ కొంతవరకే. అందులో గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉంది. పీడనం ఒక్క హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) మారితే అది సుమారు 8 మీటర్ల ఎత్తు మారినట్టు లెక్కేస్తుంది, కాబట్టి వాతావరణం మారినా ఎక్కినట్టే చూపిస్తుంది. ఫోన్ యాప్‌లు చాలా వరకు మీ దారిని ఎత్తుల పటం మీద పరిచి కూడతాయి. అలాంటి పటాల్లో ఎక్కువగా వాడేది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచింది. ఆ రాడార్ చెట్ల తలలనీ ఇళ్ల పైకప్పులనీ నేలగా లెక్కేసిన చోట్లు ఉన్నాయి. కొండల్లో ఐదారు మీటర్ల పొరపాటు తెలియదు. చదును నేలలో మాత్రం ఆ పొరపాట్లే కూడుకుని 300 అవుతాయి.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. వయసు 62. వాలెన్సియాలో మా అమ్మాయి దగ్గరికి రెండు నెలలు వెళ్తున్నాను. ఇక్కడ వాడుతున్న ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ అలవాటైపోయింది. దాన్ని, ఒక 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌ని విమానంలో తీసుకెళ్లవచ్చా?

జవాబు: బ్యాటరీ వద్దండీ. లిథియం బ్యాటరీ 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తి కొలత) లోపు ఉంటే చేతి సంచిలో రానిస్తారు, 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల విమానంలో అసలు రానివ్వరు. సైకిల్ బ్యాటరీలు సాధారణంగా 160 దాటే ఉంటాయి. పవర్ బ్యాంక్‌కి 20,000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్-అవర్లు, దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్-అవర్లు, కాబట్టి పర్లేదు. చెక్-ఇన్ సూట్‌కేసులో మాత్రం పెట్టకండి, చేతి సంచిలోనే ఉండాలి.

అక్కడ ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకు తీసుకోండి. ఐరోపా నిబంధన ప్రకారం మోటారు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటితే సాయం ఆగిపోతుంది, అదీ తొక్కుతుంటేనే. మీ దగ్గర యాక్సిలరేటర్ తిప్పే అలవాటు ఉంటే అక్కడ దొరకదు, మొదటి రోజు కాస్త జాగ్రత్త. వాలెన్సియా నుంచి పుసోల్ దాకా సుమారు 15 కిలోమీటర్ల వియా షుర్రా కూడా పాత రైలుమార్గమే. కూరగాయల మళ్లు, అల్బొరాయా వైపు తుంగగడ్డల పొలాల మధ్య నుంచి పోతుంది. ఆ గడ్డలతోనే అక్కడివాళ్లు ఓర్చాతా అనే చల్లటి పానీయం చేస్తారు. రానూపోనూ 30 కిలోమీటర్లకి అద్దె సైకిల్ బ్యాటరీ నిండుగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఎదురుగాలి రోజున మాత్రం స్క్రీన్ మీద కనిపించే మిగిలిన కిలోమీటర్ల అంకెను సగానికి తగ్గించి చూసుకోండి.

ప్రశ్న: ఫోన్‌ని హ్యాండిల్‌బార్‌కి బిగిస్తే కెమెరా పాడవుతుందని విన్నాను. నిజమేనా?

జవాబు: 2021లో ఆపిల్ కంపెనీ ఈ హెచ్చరిక ఇచ్చింది, ముఖ్యంగా మోటారుసైకిల్ ఇంజిన్ల అదురు గురించి. ఫొటో కదలకుండా లెన్స్‌ని సర్దే భాగం ఆ అదురుకి దెబ్బతినొచ్చు. సైకిల్‌కి అంత అదురు ఉండదు కానీ కంకర బాట మీద రోజంతా తొక్కేటట్టయితే అదురు తట్టుకునే స్టాండ్ కొనండి. మధ్యధరా ఎండలో నాకు దీనికంటే వేడి పెద్ద సమస్యగా అనిపిస్తుంది. ఐఫోన్ 35 డిగ్రీల దాకా వాడటానికి తయారైంది. జూలై ఎండలో ఛార్జింగ్ పెట్టి, స్క్రీన్ వెలిగించి హ్యాండిల్‌బార్ మీద ఉంచితే స్క్రీన్ మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. వాయిస్ సూచనలు ఆన్ చేసి, స్క్రీన్ ఆపి, ఫోన్‌ని నీడపట్టున సంచిలో పెట్టండి. పవర్ బ్యాంక్ భోజనానికి ఆగినప్పుడు కలిపితే చాలు.