డొనేషన్ కోసం పొలం డబ్బు ముట్టుకోకండమ్మా

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. మా ఆయనకు టైలరింగ్ షాపు ఉంది, నేను బీడీలు చుడతాను. బీసీలం. ఇరవై గుంటల పొలం అమ్మగా వచ్చిన 9 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాం. బాబు ఈ ఏడాది బీటెక్ పూర్తి చేశాడు. ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. రెండేళ్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని, 70 వేలు కడితేనే మెమోలు, ఇంటర్ సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీ వాళ్లు అంటున్నారు. పాపకు ఎప్‌సెట్‌లో 38 వేల ర్యాంకు వచ్చింది. కన్వీనర్ కోటాలో దగ్గర్లోని కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది, ఫీజు 65 వేలు. పాపకేమో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలి. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానని ఒక కన్సల్టెంట్ చెప్తున్నాడు. డొనేషన్ 6 లక్షలు క్యాష్, ఫీజు ఏడాదికి లక్షా 20 వేలు. నాలుగేళ్ల ఫీజు ఒకేసారి కడితే 40 వేలు తగ్గిస్తారట. ఆ కాలేజీ త్వరలో యూనివర్సిటీ అవుతుందట. డిపాజిట్ తీసి, నగలు కుదువపెట్టి కట్టేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి చూద్దాం. అది తేదీతో ముడిపడిన పని.

రీయింబర్స్‌మెంట్ బాకీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న లెక్క. దానికి మీ బాబు సర్టిఫికెట్లను తాకట్టు పెట్టుకునే హక్కు కాలేజీకి లేదు. అడ్మిషన్ రోజు ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, ఏ కారణంతోనూ తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధన. యూజీసీ కూడా 2018 అక్టోబరులో ఇదే మాట నోటిఫికేషన్‌గా ఇచ్చింది. కాలేజీల ఇబ్బంది అబద్ధమని నేను అనను. బకాయిలు రాక లెక్చరర్ల జీతాలు ఆగిన కాలేజీలున్నాయి, 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. కానీ ప్రభుత్వాన్ని అడగాల్సిన డబ్బు బీడీలు చుట్టే తల్లిని అడగడం న్యాయం కాదు.

ఇవాళే స్కాలర్‌షిప్‌ల కోసం ప్రభుత్వం నడిపే ఈ-పాస్ వెబ్‌సైట్‌లో బాబు అప్లికేషన్ నంబరు కొట్టి స్టేటస్ చూడండి, లేదా మీ సేవలో చూపించండి. అందులో రెండు రకాల డబ్బు ఉంటుంది. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, అది కాలేజీ ఖాతాకు వెళ్తుంది. ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్, అది పిల్లల ఖాతాకు వస్తుంది. ఒక్కోసారి ఒక ఏడాది ఆర్‌టీఎఫ్ అప్పటికే కాలేజీకి చేరి ఉంటుంది, కాలేజీ అకౌంట్స్ సెక్షన్ పుస్తకంలో మాత్రం పాత బాకీ అలాగే ఉంటుంది. అలా ఉంటే 70 వేలు కాస్తా 35 వేలవుతుంది. ఆ పేజీ ప్రింట్ తీసుకోండి.

తర్వాత ప్రిన్సిపాల్ పేరుతో ఒక పేజీ ఉత్తరం రాయించండి. బాబు హాల్‌టికెట్ నంబరు, ఏయే సర్టిఫికెట్లు కావాలో వాటి పేర్లు, ఉద్యోగంలో చేరాల్సిన తేదీ రాయండి. ఆఫర్ లెటర్, ఈ-పాస్ ప్రింట్ జతచేయండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మాత్రం మరవకండి. ముద్ర వేయం అంటే అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. అక్కడ క్లర్కుతో గొడవ పెట్టుకుని లాభం లేదు. నోటిమాటగా వంద సార్లు అడిగినదానికంటే ముద్ర పడిన ఒక్క కాగితానికి కాలేజీ ఎక్కువ భయపడుతుంది. ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగకపోతే విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి యూనివర్సిటీ నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు కాపీ అఫిలియేషన్ ఇచ్చిన యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కూ, రాష్ట్ర ఉన్నత విద్యామండలికీ, ఏఐసీటీఈ గ్రీవెన్స్ పోర్టల్‌కూ ఒకే రోజు పంపండి. ఇలా నాలుగు చోట్లకు కాగితం వెళ్లాక కాలేజీలు మెత్తబడటం నేను చూశాను.

చేరే తేదీ పది రోజుల్లోకి వచ్చినా సర్టిఫికెట్లు రాకపోతే? అప్పుడు నియమం పట్టుకుని కూర్చోమని చెప్పను, బాబు ఉద్యోగం పోకూడదు. ముందు కంపెనీ హెచ్ఆర్‌కు విషయం చెప్పి గడువు అడగమనండి. డిజిలాకర్‌లో యూనివర్సిటీ మెమోలు వచ్చి ఉంటే వాటితో చేర్చుకుంటారేమో కనుక్కోమనండి. అదీ కుదరకపోతే డబ్బు కట్టండి. కానీ డిపాజిట్ విరగ్గొట్టకండి. డిపాజిట్ మీదే బ్యాంకు లోన్ ఇస్తుంది, మామూలుగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అంతే. కాలేజీ ఖాతాకు బ్యాంకు ద్వారానే కట్టండి. రసీదు మీద 'రీయింబర్స్‌మెంట్ బకాయి బదులు, ప్రభుత్వం నుంచి వచ్చాక తిరిగి చెల్లించవలెను' అని రాయించుకోండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఏడాది తర్వాత మీ 70 వేలు అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

ఇప్పుడు పాప సీటు. మీరు రాసిన అంకెలు కాగితం మీద పెట్టాను. కన్వీనర్ సీటు ఫీజు 65 వేలు. ర్యాంకు 10 వేలు దాటిన బీసీ పిల్లలకు రీయింబర్స్‌మెంట్ 35 వేలు. మీ చేతి నుంచి ఏడాదికి 30 వేలు, నాలుగేళ్లకు లక్షా 20 వేలు. ఇంటి నుంచే వెళ్లొస్తే బస్సుకు ఏడాదికి 30 వేలు వేసుకుందాం, ఇంకో లక్షా 20 వేలు. మొత్తం 2 లక్షల 40 వేలు. హైదరాబాద్ లెక్క వేరు. డొనేషన్ 6 లక్షలు, ఫీజు 4 లక్షల 80 వేలు, హాస్టల్ ఏడాదికి లక్ష చొప్పున 4 లక్షలు. మొత్తం 14 లక్షల 80 వేలు. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ రాదు. అంటే సీఎస్ఈ అనే పేరుకు మీరు పెడుతున్న అదనపు ఖరీదు 12 లక్షల 40 వేలు. మీ దగ్గరున్నది 9 లక్షలు, అదీ పొలం పోయి వచ్చిన డబ్బు.

ఆ 6 లక్షల దగ్గర కాసేపు ఆగాలి. డొనేషన్ తీసుకోవడం నేరం. ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేశారు, ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. పైగా 2 లక్షలు, ఆపైన క్యాష్‌గా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అందుకే దానికి రసీదు ఇవ్వరు. రసీదు లేని డబ్బును ఏ కమిటీ తిరిగి ఇప్పించలేదు, ఏ బ్యాంకూ దానికి విద్యారుణం ఇవ్వదు.

రెండేళ్ల కిందట ఒక లారీ డ్రైవరు నా దగ్గరకొచ్చారు. కొడుకు సీటు రద్దు చేసుకున్నాడు, డబ్బు వెనక్కి రాలేదు. ఏ కాగితం ఉందని అడిగితే పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన నోట్‌బుక్ పేజీ తీశారు. దాని మీద నీలి పెన్నుతో '2.5, సీఎస్ఈ, బ్యాలెన్స్ జులై' అని ఉంది. పేరు లేదు, సంతకం లేదు, ముద్ర లేదు. మడతల దగ్గర చిరిగిపోతుంటే టేపు అంటించి దాచుకున్నారు. ఆ రెండున్నర లక్షలు రాలేదమ్మా. అదే కాలేజీలో ఆయన చలానాతో కట్టిన ట్యూషన్ ఫీజు మాత్రం ఉత్తరాలు రాస్తే రెండు నెలల్లో ఖాతాలో పడింది.

ఎందుకంటే రసీదున్న ఫీజుకు గట్టి రక్షణ ఉంది. క్లాసులు మొదలుకాక ముందే సీటు వదులుకుంటే ప్రాసెసింగ్ కింద వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకుండా మిగతాదంతా తిరిగివ్వాలని ఏఐసీటీఈ నిబంధన. మొదలయ్యాక వదిలినా, ఆ సీటు గడువులోగా వేరేవాళ్లతో నిండితే చదివిన కాలానికి సరిపడా తగ్గించుకుని మిగతాది ఇవ్వాలి.

నాలుగేళ్ల ఫీజు ఒకేసారి కట్టడం గురించి 2003లోనే సుప్రీంకోర్టు ఇస్లామిక్ అకాడమీ కేసులో తేల్చి చెప్పింది. నడుస్తున్న సెమిస్టర్ లేదా ఏడాది ఫీజుకు మించి ఏ కాలేజీ వసూలు చేయకూడదు. విద్యార్థి మధ్యలో వెళ్లిపోతాడని అనుమానముంటే బాండో, బ్యాంకు గ్యారంటీయో అడగవచ్చు, అంతవరకే. ఫీజులు నిర్ణయించడానికి రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షతన కమిటీలు వేయమన్నది కూడా ఆ తీర్పులోనే. తెలంగాణలో టీఏఎఫ్ఆర్‌సీ అలా వచ్చిందే. ఆంధ్రలో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఆ పని చేస్తోంది. టీఏఎఫ్ఆర్‌సీ మూడేళ్లకోసారి ఒక్కో కాలేజీ లెక్కలు చూసి ఫీజు ఖరారు చేస్తుంది. ఏ కాలేజీకి ఎంతో పేరుపేరునా జీవోలో ఉంటుంది. ఎన్ఆర్ఐ కోటా వదిలేస్తే మేనేజ్‌మెంట్ సీటుకూ ఆ ఫీజే. కన్సల్టెంట్ చెప్పిన లక్షా 20 వేలు ఆ జీవోలో ఉందో లేదో చూడండి. 40 వేల తగ్గింపు కోసం 4 లక్షల 40 వేలు ముందే చేతిలో పెట్టేస్తే, రేపు పాపకు అక్కడ నచ్చకపోయినా, కాలేజీలో ఏదైనా తేడా వచ్చినా మీరు కదల్లేరు.

త్వరలో యూనివర్సిటీ అవుతుందన్న మాటకు నాకు నిజంగా భయమేసింది. గవర్నర్ ఆమోదం రాకముందే యూనివర్సిటీ పేరుతో పిల్లల్ని చేర్చుకున్న కాలేజీల ముందు 2023లో హైదరాబాద్ శివార్లలో తల్లిదండ్రులు ధర్నాలు చేశారు. ఫీజు కట్టి, క్లాసులకు వెళ్లి, చివరికి డిగ్రీ ఎవరిస్తారో తెలియని పరిస్థితి. పైగా ప్రైవేటు యూనివర్సిటీలు టీఏఎఫ్ఆర్‌సీ పరిధిలోకి రావు, ఫీజు వాళ్లే నిర్ణయించుకుంటారు. పొలం కొనేముందు పహాణీ, ఈసీ చూస్తాం కదా. కాలేజీకీ అలాంటి కాగితాలే ఉన్నాయి. ఈ ఏడాదికి ఏఐసీటీఈ ఇచ్చిన అనుమతి పత్రం, అందులో మీకు కావాల్సిన బ్రాంచికి ఎన్ని సీట్లున్నాయో ఆ అంకె, యూనివర్సిటీ అఫిలియేషన్ ఉత్తరం, నాణ్యత చూసి ఇచ్చే న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు. ఈ చివరిది మీకు డబ్బుల పరంగా కూడా ముఖ్యం. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు చదువు సాగినన్నాళ్లూ, ఆ తర్వాత ఒక ఏడాదీ విద్యారుణం మీద వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. ఇలాంటి ప్రైవేటు కాలేజీల విషయంలో అది న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపున్న చోట చదివే ప్రొఫెషనల్ కోర్సులకే వర్తిస్తుంది.

కాబట్టి నా సలహా కన్వీనర్ సీటు తీసుకోమనే. పాప సీఎస్ఈ మీద ఆశ పెట్టుకుంది, ఆ మాట కొట్టిపారేయకండి. ఆ కాలేజీలోనే సీఎస్ఈ సీట్లు మిగిలితే ఇంటర్నల్ స్లైడింగ్‌లో మారే అవకాశం ఉంటుంది, కౌన్సెలింగ్ చివర్లో వచ్చే ఆ నోటిఫికేషన్ కోసం చూస్తుండమనండి. అది కుదరకపోయినా ఈసీఈ చదువుతూ ప్రోగ్రామింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మీ జిల్లాలోనే చాలామంది ఉంటారు. వాళ్లలో ఒకరితో పాపను మాట్లాడించండి, మనం చెప్పేదానికంటే బాగా పనిచేస్తుంది. మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి, కోర్సులకు ఏడాదికి 20 వేలు పక్కన పెట్టండి. అన్నీ కలిపినా 4 లక్షలు దాటవు.

డబ్బు ఇలా సర్దండి. 9 లక్షల డిపాజిట్‌లోంచి రెండున్నర లక్షలు ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల గడువులతో విడివిడిగా వేసుకోండి, ఫీజు కట్టాల్సిన నెలకు ఒక్కోటి చేతికొచ్చేలా. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమవుతుందనే లెక్క వేసుకోవాలి. అందుకని ఇంకో 70 వేలు, అంటే రెండేళ్ల రీయింబర్స్‌మెంట్‌కు సమానమైన మొత్తం, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. అప్పుడు బాబుకు వచ్చిన టెన్షన్ పాపకు రాదు. ల్యాప్‌టాప్‌కు, మొదటి ఏడాది ఖర్చుకు లక్షా 30 వేలు. మిగిలిన నాలుగున్నర లక్షలు మీ ఇద్దరి వృద్ధాప్యానికి. దాన్ని 7 శాతం చక్రవడ్డీతో పదేళ్లు కదపకుండా ఉంచితే దాదాపు 8 లక్షల 85 వేలవుతుంది. నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

కన్సల్టెంట్ ఈ సాయంత్రంలోగా అడ్వాన్స్ ఇవ్వకపోతే సీటు పోతుందని ఫోన్ చేస్తాడు. పోనివ్వండి. పాప కన్వీనర్ సీటుకు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాల్సిన ఆఖరి తేదీ అలాట్‌మెంట్ ఆర్డర్ మీదే ఉంటుంది, ఆ తేదీ మాత్రం దాటనివ్వకండి. కాలేజీకి వెళ్లేటప్పుడు జిరాక్సులు రెండు సెట్లు పట్టుకెళ్లండి. ఒరిజినల్స్ చూపించి, తిరిగి సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి.